వెనక గది

“వెనక గది సగానికి కోసెయ్” అన్న మాట చెవిన పడే సమయానికి నోరీన్ హార్గ్రీవ్స్ చేతుల్లో తువ్వాళ్ల దొంతర గడ్డం దాకా ఉంది. మాట సెక్రటరీ థ్రెల్‌ఫాల్ గారి గదిలోంచి వచ్చింది. తలుపు బెత్తెడు తెరిచి ఉంది, ఆయన ఫోన్లో మాట్లాడుతున్నాడు. పక్కనే బాయిలరు గొట్టం బుసలు కొడుతోంది. నోరీన్ వేయబోయిన అడుగు ఆపి, కుడి చెవిని తలుపు వైపు తిప్పింది.

“అవును, కోత తప్పదు. మలోనీతో కూడా మాట్లాడాను. ఒకే దెబ్బకి వద్దులే, తట్టుకోలేదు. కొంచెం కొంచెంగా కానివ్వు. బాగా ముదిరింది కదా, ముందు అది పోవాలి. శనివారం దాకా మాత్రం ఈ సంగతి బయటికి పొక్కకూడదు.”

తువ్వాళ్ల దొంతరలో పైది జారి కింద పడింది. నోరీన్ దాన్ని తియ్యలేదు. వంగితే మోకాలు టప్పుమంటుంది, ఆ చప్పుడు ఆయనకి వినబడుతుందని భయం. కాలితో గోడ వారకి నెట్టి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

బ్రాక్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో వెనక గది అంటే ఒకటే గది. పడమటి స్టాండు మెట్ల కింద, తల వంచుకుని దూరాల్సిన చోట, ఆటగాళ్ల బట్టలు ఉతికే గది. అందులో పనిచేసేది ఇద్దరు, నోరీన్, డాట్ ఎంట్విసిల్. ఇద్దరిలో సగం ఎంతో చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు. తేలాల్సిందల్లా ముదిరింది ఎవరన్నదే. డాట్ కంటే నోరీన్ రెండేళ్లు పెద్ద.

‘అంత మర్యాదస్తుడు, మనిషిని పట్టుకుని అది అంటాడా’ అనుకుంది నోరీన్, మెట్ల కింద తల వంచుతూ. ఉద్యోగం తీసేసేవాడికి మర్యాదెందుకని తనే జవాబు చెప్పుకుంది.

క్లబ్బుకి కోతలు కొత్త కాదు. మేనేజరు డెస్ మలోనీ ఆగస్టు నుంచీ కోస్తూనే ఉన్నాడు. ఈ ఏడు పై డివిజన్‌కి ఎక్కిస్తానని మొదలుపెట్టి, క్రిస్మస్‌కి ఉన్నచోటే నిలబెడతానని తగ్గి, ఈస్టరుకి దేవుడున్నాడని ఊరుకున్నాడు. ఊరూరా వెళ్లి ఉతికించుకుని రావడం ఆటగాళ్ల వంతు, వాళ్ల బట్టలు ఉతకడం వెనక గది వంతు. ఇప్పుడు పట్టికలో కింద నుంచి రెండో మెట్టు. కింది రెండు జట్లూ లీగ్‌లోంచే పోతాయి. ఇక మిగిలింది ఒక్క ఆట, శనివారం, సొంత మైదానంలో. గెలిస్తే ఉంటారు. గెలవకపోతే దిగుతారు. ఊరంతటికీ ఆ దిగడం గురించే దిగులు. సెక్రటరీ ఇంటిపేరులోనే ‘ఫాల్’ పెట్టుకున్న క్లబ్బు పడకేం చేస్తుందని పబ్బుల్లో నవ్వుతున్నారు గానీ, ఆ నవ్వులో తడి లేదు.

“తువ్వాళ్లు ఇచ్చేశావా?” అంది డాట్.

డాట్ బల్ల దగ్గర నిలబడి మేజోళ్లు జతపరుస్తోంది. ఒక్కో మేజోడునీ ముక్కు దాకా తెచ్చి, బల్బు కేసి ఎత్తి చూసి, అప్పుడు కలుపుతోంది. నోరీన్ ఆ ఎత్తడం వైపే చూసింది. రోజూ చూసేదే. ఇవాళ మాత్రం కొత్తగా చూసింది.

“నిన్నే. తువ్వాళ్లు ఇచ్చావా అంటున్నా.” డాట్ బల్ల చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి, గొంతు పెంచకుండానే మళ్లీ అంది. ఎన్నేళ్లుగానో అలాగే చేస్తోంది.

“ఇచ్చాను.”

“ఏంటే, మొహం అలా పిండిన గుడ్డలా ఉంది?”

“ఏం లేదు. బాయిలరు వేడి.”

“వేడికి మొహం ఎర్రబడుతుంది తల్లీ, తెల్లబడదు. రంగుల సంగతి నాకు తెలీదనుకున్నావా?” అని డాట్ తనమీద తనే నవ్వుకుంది. అది మొన్నటి గులాబీ చొక్కాల సంగతి. తెల్లచొక్కాల యంత్రంలో ఒక ఎర్ర మేజోడు ఉండిపోయింది. వెయ్యకముందు లోపల తడిమి చూసింది డాటే. తీసేసరికి జట్టు మొత్తం చొక్కాలకి లేత గులాబీ పట్టింది. ‘క్లబ్బు కంటే ముందు రంగు దిగింది’ అని నోరీన్ నవ్వి, తలుపు గడియ పెట్టి, చాకలి సోడాలో మళ్లీ మళ్లీ నానేసి సాయంత్రానికల్లా తెలుపు తెప్పించింది. ఆ సంగతి ఈ గది గోడలు దాటలేదు.

నోరీన్ ఆరబెట్టే యంత్రం తలుపు తీసి వేడి చొక్కాలు ఒళ్లోకి లాక్కుంది. మొదటిది పరిచి, భుజాలు కలిపి, చేతులు వెనక్కి మడిచి, అంకె పైకి వచ్చేలా తిప్పింది. ఏడో నంబరు. ఈ కుర్రాడు ఓడితే ఇంకో క్లబ్బుకి పోతాడు. ఒప్పందంలో ఆ మాట ముందే రాసుకుని ఉంటాడు. పోయినసారి డివిజన్ దిగినప్పుడు మేనేజరు పోయి, అంతకంటే మంచి క్లబ్బుకి మేనేజరయ్యాడు. బూట్లు తుడిచే ముసలి సెడ్రిక్‌ని మాత్రం ఒక టీ కప్పు చేతిలో పెట్టి పంపారు. కప్పు మీద క్లబ్బు బొమ్మ ఉంది. పడగొట్టిన వాళ్లు ఎక్కుతారు, తుడిచిన వాళ్లు దిగుతారు. ఇంట్లో లెన్‌కి బిస్కెట్ల ఫ్యాక్టరీలో పని జనవరిలోనే పోయింది. అప్పటి నుంచి కుర్చీలో కూర్చుని పేపరులో పదాల గళ్లు నింపుతున్నాడు. ఇల్లు గడుస్తున్నది ఈ మడతల మీదే.

డాట్‌కి చెప్పాలి. చెబితే ఇద్దరూ కలిసి థ్రెల్‌ఫాల్ గారి దగ్గరికి వెళ్లొచ్చు. నోరీన్ నోరు తెరిచింది. తెరిచి, “సబ్బు అయిపోవచ్చింది” అంది.

పేరులోనే నోరున్న మనిషి కడుపులో మాట ఎన్నాళ్లు దాస్తుంది? మర్నాడు పొద్దున వంటింట్లో మావిస్ క్లెగ్ మాంసం కూరి కాల్చే పైలకి పిండి వత్తుతుంటే, టీ కోసమని వెళ్లి, చెప్పేసింది.

“నీ ఒక్కదానికే చెబుతున్నా.”

“నా నోట్లోంచి వస్తే చూడు” అంది మావిస్, పిండి చేత్తో గుండె మీద కొట్టుకుని. “వెనక గదిలో సగమా? వెనక గదితో ఆపుతారటే వాళ్లు? వంటింట్లో సగం ఎంతవుతుందో చెప్పు. నేను, ఆ పొయ్యి. పొయ్యిని తీసెయ్యరు.”

“డాట్‌కి చెప్పకు.”

“అయ్యో, నేనెందుకు చెబుతాను.”

మధ్యాహ్నానికి ద్వారం దగ్గర కాపలా ఉండే ఫ్రాంక్‌కి తెలిసింది. ఫ్రాంక్‌కి తెలిస్తే టిక్కెట్ల కిటికీకి తెలిసినట్టే. టిక్కెట్ల కిటికీకి తెలిస్తే ఇక తెలియాల్సిన వాడు మైదానం చూసే క్లిఫ్ పికప్ ఒక్కడే. ఇంటిపేరు పికప్ అయినా ఆయన ఏ కబురూ పికప్ చెయ్యడు. కోత యంత్రం మీద కూర్చుంటే పిడుగు పడ్డా వినబడదు. బుధవారం నుంచీ ఆయన ఆ యంత్రం మీదే ఉన్నాడు.

థ్రెల్‌ఫాల్ గారికి ఆ వారం అంతా ఏదో పండగలా గడిచింది. ఆయన కారు ఎవరు కడిగారో తెలియదు గానీ అద్దంలా మెరిసింది. మావిస్ ఆయన పైలో మాంసం రెట్టింపు పెట్టి, మీద పిండితో ఆయన పేరు మొదటి అక్షరం కూడా అద్దింది. ఫ్రాంక్ ఆయన కనబడినప్పుడల్లా టోపీ తీశాడు. ఆయనకీ ఇది ఏదోలా ఉన్నట్టుంది, ఒకసారి అద్దం ముందు నిలబడి పళ్లలో ఏమైనా ఇరుక్కుందా అని చూసుకున్నాడు. ఎవరి మొహంలో చూసినా నవ్వే. నవ్వు వెనక పళ్లు కొట్టుకునే చప్పుడు.

గురువారం డాట్ తల ఎత్తకుండా పొద్దున్నుంచీ సాధన బట్టల మట్టి గీకుతూ ఉంది. ఆమెకి తెలిసిందా, తెలియలేదా? నోరీన్ ఓరకంట చూస్తూనే ఉంది. డాట్ ఒక్కసారి తలెత్తి, “మావిస్ నన్ను చూసి ఏడ్చింది, ఎందుకే?” అంది.

“ఉల్లిపాయలు తరుగుతోందేమో.”

డాట్ తల వంచుకుని మళ్లీ గీకసాగింది. బయట కోత యంత్రం గుయ్యిమంటూ దగ్గరికి వచ్చి, దూరం పోయి, మళ్లీ దగ్గరికి వచ్చింది. నోరీన్ చేతులు తుడుచుకుంది. ఆరిన చేతుల్నే ఇంకోసారి తుడుచుకుంది.

“ఆటగాళ్ల జాకెట్ల కొలతలు అడిగొస్తా” అని గది దాటింది.

థ్రెల్‌ఫాల్ గారు కుర్చీ చూపించాడు. నోరీన్ కూర్చోలేదు.

“చెప్పండి నోరీన్.”

“మొన్న చొక్కాలకి రంగు అంటుకుంది సార్. గులాబీ. మీకు తెలీదు. యంత్రంలో వేసేముందు చూడాల్సింది డాట్. దానికి చూపు ఆనట్లేదు. నేనే కష్టపడి తెలుపు తెప్పించా.” ఊపిరి తీసుకుంది. “మీకు తెలిసుంటే మంచిదని.”

ఆయన చేతిలో పెన్ను కింద పెట్టాడు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని మనిషిలా చూశాడు.

“ఇప్పుడెందుకు చెబుతున్నారిది?”

“ఊరికే సార్.”

“సరే” అన్నాడు. “చూద్దాం.”

ఆ ‘చూద్దాం’ పట్టుకుని వెనక్కి వచ్చింది. నడవలో గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. లోపల ఏదో బరువు దిగినట్టు ఉండాలి. దిగలేదు. బరువు దిగలేదు సరికదా, మనిషే ఒక మెట్టు దిగినట్టనిపించింది. గదిలోకి వెళ్లేసరికి డాట్ ఆమె టీ కప్పు మీద సాసరు మూతపెట్టి ఉంచింది, చల్లారకుండా.

శుక్రవారం నోరీన్ సబ్బు డబ్బాల కోసం గిడ్డంగికి వెళ్లి వస్తుంటే, థ్రెల్‌ఫాల్ గారి తలుపు తెరుచుకుని డాట్ బయటికి వచ్చింది. ఇద్దరూ నడవలో ఎదురుపడ్డారు.

“కాళ్లు సాగదీసుకుందామని” అంది డాట్.

“మంచిది” అంది నోరీన్.

ఆ పూట ఇద్దరూ శనివారం చొక్కాలు ఇస్త్రీ చేశారు. ఒకరు పరిస్తే ఒకరు మడిచారు. మడిచేవాళ్లు పరిచేవాళ్ల కళ్లలోకి చూడలేదు. డాట్ రెండుసార్లు ఏదో అంది. రెండుసార్లూ ఎడమ పక్కనే నిలబడి అంది. నోరీన్‌కి పెదాలు కదలడం తప్ప ఏమీ అందలేదు. అడగలేదు.

శనివారం ఆట మొదలయ్యాక వెనక గదిలో వాళ్లిద్దరే. ఆట చూడ్డానికి వాళ్లకి ఎప్పుడూ వీలు పడదు. మొదటి సగం అవగానే తడి చొక్కాలు వస్తాయి, పొడివి వెళ్లాలి. ఆట వాళ్లకి నెత్తి మీద నుంచి తెలుస్తుంది. స్టాండు మెట్ల మీద వేల కాళ్లు తొక్కితే ఒకలా, నిట్టూరిస్తే ఒకలా, కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి కొట్టుకుంటే ఒకలా. చప్పుడుని మాటల్లో పెట్టేది ఎప్పుడూ డాట్. ‘కార్నరు వచ్చింది’, ‘మనవాడే కాలు విరగ్గొట్టుకున్నట్టున్నాడు’, ‘రిఫరీ తల్లిని తలుస్తున్నారు’ అని కుడి చెవిలో చెబుతూ ఉండేది. ఇవాళ డాట్ సింకు దగ్గర వీపు తిప్పి నిలబడింది.

నోరీన్ గొట్టం మీద అరచెయ్యి ఆనించింది. గొట్టం స్టాండు గోడలోంచి వస్తుంది, అదురు దాంట్లో తెలుస్తుంది. మొదట చిన్న వణుకు. తర్వాత ఉన్నట్టుండి చెయ్యి ఎగిరిపడేంత అదురు, పైనుంచి దుమ్ము రాలి ఇస్త్రీ బల్ల మీద పడింది. గోల్. మనదే అయి ఉండాలి, ఎదుటి వాళ్ల గోల్‌కి ఎవరూ ఇంత తొక్కరు. ఆమె డాట్ వైపు చూసింది. డాట్ భుజాలు కదిలాయి గానీ తిరగలేదు.

రెండో సగంలో ఒకసారి అదురు ఆగింది. పూర్తిగా ఆగింది. చలికాలంలో యంత్రాలన్నీ ఆపేశాక ఉండే నిశ్శబ్దంలా. చెవులు మంచివి అయినా కాకపోయినా ఆ నిశ్శబ్దం ఎవరికైనా వినబడుతుంది.

“ఒకటి ఒకటి” అంది డాట్, సింకుతో.

ఆ తర్వాత చాలాసేపు కాళ్లు తొక్కుతూనే ఉన్నాయి. తొక్కుడు వేగం పెరిగింది, పెరిగి పెరిగి ఊపిరందని గుండెలా అయింది. నోరీన్ చెయ్యి గొట్టం మీదనుంచి తియ్యలేదు, కాలుతున్నా తియ్యలేదు. గెలిస్తే కోత ఆగుతుందేమో. గెలిస్తే తనన్న మాట గాల్లో కలిసిపోతుందేమో. దేవుడా, ఒక్క గోల్, ఎవడి మోకాలికి తగిలి పోయినా సరే. ఆమె కళ్లు తెరిచేసరికి డాట్ ఇటు తిరిగి, తనూ కళ్లు మూసుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి.

కుర్చీలు వెనక్కి కొట్టుకున్న చప్పుడు వచ్చింది. ఒక్కసారిగా కాదు. ఒకటి, తర్వాత ఒకటి, అక్కడక్కడ. జనం లేచి వెళ్లిపోతున్నారు.

సాయంత్రం వంటింట్లో మిగిలిన పైలు చల్లారిపోయి ఉన్నాయి. ఎవరూ తినలేదు. మావిస్ పొయ్యికి ఆనుకుని నిలబడింది. ఫ్రాంక్ టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు. టిక్కెట్ల కిటికీ అమ్మాయి కాటుక చెంపల మీదికి వచ్చేసింది. నోరీన్ తలుపు దగ్గర, డాట్ కిటికీ దగ్గర. క్లిఫ్ పికప్ మోకాళ్ల దాకా తడిసి వచ్చి ఒక మూల పెట్టె మీద కూర్చున్నాడు.

థ్రెల్‌ఫాల్ గారు వచ్చి అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. బాగానే చెప్పాడు. ఆయన వెళ్లబోతుంటే మావిస్ పట్టలేకపోయింది.

“వెళ్లేముందు అది కూడా తేల్చెయ్యండి సార్. ఎవరెవరో చెబితే ఇంటికి పోయి ఏడుస్తాం.”

“ఏది తేల్చాలి?”

“వెనక గది కోత. సగానికి కోసేస్తున్నారుగా. మీరే ఫోన్లో అన్నారట, మంగళవారం.”

థ్రెల్‌ఫాల్ గారు అందరి మొహాలూ చూశాడు. కడిగిన కారు, అక్షరం అద్దిన పై, తీసిన టోపీ ఒక్కొక్కటిగా ఆయన కళ్లలో వచ్చి కూర్చోవడం కనబడింది.

“మంగళవారం నేను మాట్లాడింది క్లిఫ్‌తో” అన్నాడు.

“నాతోనే” అన్నాడు క్లిఫ్, మూలనుంచి. “వెనక గడ్డి. రైలుకట్ట వైపు గోలు ముందు గడ్డి. ఏడాదంతా పెంచించాడు కదా మలోనీ, వచ్చినవాళ్ల కాళ్లకి అడ్డం పడాలని. ఆఖరాటకి మనమే పరిగెత్తాలట, సగానికి కోసి నీళ్లు కొట్టమన్నారు. సగం ఒకేసారి కోస్తే గడ్డి చస్తుంది, అందుకని మూడు రోజులు కోశా. ఎదుటివాళ్లకి తెలియకూడదని గుట్టుగా ఉంచమన్నారు. తీరా మనవాళ్లకి పొట్టి గడ్డి మీద ఆడ్డం మర్చిపోయింది, బంతి కాలికి దొరక్కుండా జారిపోయింది.” ఆగాడు. “గది అని ఎవరన్నారు?”

అందరూ ఒకే వైపు చూశారు.

“బాగా ముదిరింది అన్నారు మీరు” అంది నోరీన్.

“గడ్డి” అన్నాడు థ్రెల్‌ఫాల్.

మొదట ఫ్రాంక్ నవ్వాడు. తర్వాత మావిస్, పొయ్యి మీద చెయ్యి కొట్టి. క్లబ్బు పడిపోయిన సాయంత్రం నవ్వడానికి ఏదో ఒకటి దొరికినందుకు అందరూ నవ్వారు. థ్రెల్‌ఫాల్ గారు కూడా నవ్వాడు. చెడ్డవాడు కాదు. ఆ నవ్వులోనే, తనకి ఇన్నాళ్లకి ముడి విడిందన్న సంతోషంలోనే, అనేశాడు:

“అదా సంగతి. గురువారం నోరీన్ వచ్చి డాట్ చొక్కాలకి రంగు పట్టించిందని చెబుతుంది. శుక్రవారం డాట్ వచ్చి నోరీన్‌కి చెవులు పోయాయి, ఏం చెప్పినా వినబడదు అంటుంది. ఇన్నేళ్లు కలిసి పనిచేసినవాళ్లు, ఇద్దరికీ ఒకే వారంలో ఏమొచ్చిందా అని బుర్ర బద్దలుకొట్టుకున్నా. వినబడదన్న మాట నిజమేనన్నమాట.”

“భలే” అన్నాడు క్లిఫ్. ఆయనకి ఇంకా ఏమీ తెలియదు. “గడ్డి కోసింది నేను, కరిచింది వీళ్లిద్దరూనా.”

మళ్లీ నవ్వారు. ఈసారి నవ్వు మధ్యలోనే తెగింది. ముందు మావిస్ ఆపింది. నోరీన్ డాట్ వైపు చూసింది. డాట్ కిటికీ బయట ఏదో వెతుకుతున్నట్టు కళ్లు చికిలించింది. బయట ఏమీ లేదు.

“పోనీలెండి” అంది మావిస్, చేతులు గౌనుకి తుడుచుకుంటూ. “మొత్తానికి కోత అనేదే లేదన్నమాట.”

థ్రెల్‌ఫాల్ గారు నవ్వు మొహం మీదనుంచి తీసేసుకున్నాడు. నోరీన్‌కి వినబడాలని కాబోలు, ఆమె కుడి పక్కకి వచ్చి నిలబడ్డాడు.

“మంగళవారం నాటికి లేదు” అన్నాడు.